చిన్న నర్సు లేని పెద్ద నర్సు

పెద్ద నర్సమ్మ పోయిందని నాకు రామచంద్రపురం బస్టాండులో తెలిసింది. చెప్పినవాడు శరణాలయానికి పాలు పోసే మనిషి. మూడు రోజులు జ్వరంతో పడుకుని నాలుగో రోజు పొద్దున్న పోయిందట.

"మరి ఆ మూడు రోజులూ ముసలివాళ్ళకి మాత్రలెవరిచ్చారు?" అని అడిగాను.

"ఎవరివి వాళ్ళే వేసుకున్నారండి. కొందరు పక్కవాళ్ళవి కూడా వేసుకున్నారండి."

"చిన్న నర్సు ఏమైంది?" నోరు జారి అనేశాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "చిన్న నర్సెవరండి? నేనెరిగి అక్కడ ఆవిడొక్కర్తేనండి."

అతను పాలు పోయడం మొదలుపెట్టి రెండేళ్ళేనట. అతనికి తెలిసే అవకాశం లేదు. చిన్న నర్సుని ఎరిగినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఇద్దరమే, నేనూ శరణాలయం ప్రెసిడెంటుగారూ. అందులో ఆయన ఎరిగింది తప్పు.

రాజమండ్రిలో ఉద్యోగం దొరక్కముందు నేను మూడేళ్ళు ఆ శరణాలయంలో గుమాస్తాగా ఉన్నాను. ఎమర్జెన్సీ ఎత్తేసిన కొత్తల్లో మాట. ఊరి చివర, రైసు మిల్లులు దాటాక, కాలవ గట్టు పక్కన పెంకుటిల్లు. ముప్ఫైమంది ముసలివాళ్ళు. వాళ్ళని చూసుకోవడానికి ముగ్గురం. వంటాయన వంటింటి గుమ్మం దాటడు. నేను పుస్తకాలు రాసుకుంటూ కుర్చీ దిగను. ఇక మిగిలింది ఆవిడ. ఆవిణ్ణి అందరూ పెద్ద నర్సమ్మ అనేవారు. చిన్న నర్సమ్మ లేనప్పుడు పెద్ద నర్సమ్మ ఎలా అయిందని ఎవరూ అడగలేదు.

పొట్టి మనిషి. నడుస్తుంటే కుడికాలు ముందు వెళ్ళిపోయేది, ఎడంకాలు కాస్త ఆలోచించుకుని వచ్చేది. థర్మామీటరు పెట్టుకోవడానికి జేబు లేక కొప్పులో గుచ్చుకునేది. ఎండాకాలంలో ఆ కొప్పుకి నూట రెండు జ్వరం వచ్చిందని నేను ఊరంతా చెప్పాను, సగం ఊరు నమ్మింది. చెవుల సంగతి మాత్రం నేను ఎంత పెంచి చెప్పినా చాలదు. ఎవరైనా మాత్ర నాలిక కింద దాచుకుంటే, మూడు గదుల అవతల ఎవరికో పక్క మారుస్తూ, "మింగండి తాతగారూ" అనేది. ఆయన ఉలిక్కిపడి మింగేసేవాడు. ఆవిడ నోట రోజుకి వందసార్లు వచ్చే మాట ఒకటే: "మింగారా? ఏదీ, ఆ చెయ్యండి."

నర్సు చదువు చదవలేదు. మిషను ఆస్పత్రిలో ఇరవయ్యేళ్ళు వార్డు ఆయాగా చేసి వచ్చింది. తెలుగు కూడబలుక్కుని చదివేది, ఇంగ్లీషు రాదు. మందుల పేర్లన్నీ ఇంగ్లీషు. అందుకని చెక్క పళ్ళెంలో అగ్గిపెట్టెలు పేర్చి, ఒక్కొక్కరి పేరూ నాచేత రాయించి, దాని పక్కన తనే బొమ్మ గీసుకుంది. నీరు తీసే మాత్రకి చెంబు. రక్తపోటుకి పొంగుతున్న గిన్నె. గుండెకి గుండే గీశానంది కానీ అది అచ్చం జీడిమామిడి పండులా ఉండేది. షుగరు మాత్రకి చీమ.

ఆ చీమ దగ్గర ఆవిడ చాలా జాగ్రత్తగా ఉండేది. గురువారం గురువారం స్కూటరు మీద వచ్చే డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు: "ఈ మాత్ర పడ్డాక అన్నం పడాలి. అన్నం తినని రోజు ఈ మాత్ర లేదు. తేడా వస్తే మనిషి దక్కదు." మామ్మలందరూ ఏకాదశికి ఉపవాసాలుండేవాళ్ళు. కాబట్టి ఆ రోజు వాళ్ళ చీమ పెట్టెలన్నీ బోర్లా పెట్టేది. చర్చికి వెళ్ళే తీరిక దొరకని క్రైస్తవురాలు, ప్రతి అమావాస్యకీ నా ముందు కూర్చుని, "వచ్చే నెల ఏకాదశులెప్పుడో పంచాంగంలో చదవండి గుమాస్తాగారూ" అనేది. కొన్ని నెలల్లో ఏకాదశి రెండు రోజులు పడుతుంది. మొదటిరోజు స్మార్తులకి, మర్నాడు వైష్ణవులకి. మా దగ్గర వైష్ణవులావిడ ఒక్కరే, కోనసీమ మామ్మగారు. అలాంటి నెలల్లో ముందు సాయంత్రమే ఆవిడ నర్సమ్మని పిలిచి, "అందరికీ రేపు, నాకు ఎల్లుండి, గుర్తుందా?" అనేది. "గుర్తుంది మామ్మగారూ" అని నర్సమ్మ తల ఊపేది. మామ్మగారికి మడి. మాత్ర పైనుంచి వేస్తే అరచేత్తో పట్టుకునేది. మూడేళ్ళలో ఒక్క మాత్ర కింద పడలేదు.

ప్రెసిడెంటుగారు ఆదివారాలు వచ్చేవారు. బజారులో బియ్యం వ్యాపారం. మంచి మనిషి, అందులో నాకిప్పటికీ అనుమానం లేదు. మంచం పట్టినవాళ్ళ కాళ్ళు తనే ఒత్తేవారు, ఒత్తుతూ కళ్ళు తుడుచుకునేవారు. ప్రతి ఆదివారం నర్సమ్మ గుమ్మం పక్కన నిలబడి అడిగేది.

"అయ్యగారండి, ఇంకో మనిషి కావాలండి. పొద్దున్న మాత్రలిచ్చే వేళకే ఎవరో ఒకరు పడిపోతున్నారండి. లేపడానికెళ్తే మాత్రలాగిపోతాయి. మాత్రలిస్తుంటే పడ్డవాళ్ళు అలాగే ఉంటారండి."

"నీకింకో మనిషెందుకమ్మా? నువ్వు పదిమంది పెట్టు" అనేవారాయన. మనస్ఫూర్తిగా అనేవారు. అదే చిక్కు. తిడితే ఆవిడ రెండో మాట అనగలిగేది, పొగిడితే ఏమంటుంది? సేవ జీతానికి దొరికే వస్తువు కాదనీ, మనసున్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారనీ, మనం అడక్కూడదనీ ఆయన నమ్మకం. ఆ వచ్చేవాళ్ళ కోసం ఆయన కొన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నారు.

ఒకరోజు ఇనస్పెక్టరుగారు వేణ్ణీళ్ళ కోసం కర్రతో మంచం కొడుతున్నారు. రిటైరైన స్కూలు ఇనస్పెక్టరు, రెండు కళ్ళకీ శుక్లాలు, పెత్తనం మాత్రం తగ్గలేదు. నర్సమ్మ ఇంకెవరికో ఒళ్ళు తుడుస్తూ, విసుగెత్తి, "చిన్న నర్సు తెస్తోందండి" అని కేకేసింది. కర్ర ఆగిపోయింది. ఆయన పావుగంట నోరెత్తకుండా కూర్చున్నారు.

నర్సమ్మ నా వంక చూసింది. నేను ఆవిడ వంక చూశాను. ఆ క్షణంలోనే ఊరుకుని ఉంటే బావుండేది.

సాయంత్రానికి చిన్న నర్సుకి నిడదవోలు పుట్టిల్లయింది. తండ్రి రైల్వేలో సిగ్నళ్ళు చూస్తాడు. ఇక్కడ మేనత్త ఇంట్లో ఉంటుంది. ఇంటరు రెండుసార్లు తప్పింది. బల్లులంటే భయం. ఇవన్నీ నేను ఒక్కొక్క మంచం దగ్గరా కాస్త కాస్త వడ్డించాను. నర్సమ్మ వరండాలో నిలబడి, "ఎన్నిసార్లు చెప్పాలే నీకు, దుప్పట్లు ముందు ఎండెయ్యమని?" అని ఖాళీ గాలిని కేకలేసేది. అవతల్నుంచి చప్పుడుండదు. ఎంత తిట్టినా తిరిగి ఒక్క మాట అనదు, అదీ పెంపకమంటే, అని మామ్మలు మురిసిపోయారు. నెల తిరక్కుండా ఆ పిల్లని చూశామన్నవాళ్ళు బయల్దేరారు. చామనచాయ అని ఒకరు, కాదు పచ్చటి మనిషని ఒకరు. ఒక తాతగారు తన చెల్లెలి మనవడికి అడుగుతానని నా దగ్గరికొచ్చి గోత్రం కనుక్కోమన్నారు. ఒక మామ్మ ఆ పిల్ల కోసం పనసతొన దాచింది. అది నేను తిన్నాను.

"లేని మనిషి పేరు చెప్పుకుని బతుకుతున్నానండి" అని నర్సమ్మ బాధపడింది.

"ఉన్న మనిషి వచ్చేదాకా లేని మనిషితో నెట్టుకొద్దామమ్మా" అన్నాను నేను, మహా తెలివిగా.

ఆ ఆదివారమే ప్రెసిడెంటుగారికి ఎవరో చెప్పారు, చిన్న నర్సు చెయ్యి వెన్నలా ఉంటుందని. ఆయన నా గదిలోకి వచ్చారు.

"ఎవరయ్యా ఈ పిల్ల? మనం ఎవర్నీ పెట్టలేదే."

"ఆ పిల్లే వస్తోందండి."

"ఊరికేనా?"

"ఆయ్. ఏమీ పుచ్చుకోదండి. ఆదివారాలు మాత్రం సెలవండి, అందుకే మీకు కనపడదు."

ఆయన రెండు చేతులూ జోడించి గోడకేసి దణ్ణం పెట్టారు. నిడదవోలు అటువైపు కాదు, అయినా నేను సవరించలేదు. "చూశావా నర్సమ్మా, నేను చెప్పలేదూ? మనసున్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారని." నర్సమ్మ నోరు తెరిచింది. నేను పుస్తకంలోకి తల దూర్చేశాను. నేను తలెత్తేసరికి ఆయన వెళ్ళిపోయారు, ఆవిడ నోరు మూసుకుని ఉంది.

ఆ తర్వాత ఆవిడ ఇంకో మనిషి కావాలని అడిగినప్పుడల్లా ఆయన, "ఇద్దరున్నారుగా అమ్మా" అనేవారు. పదిమంది పెట్టు అన్నప్పుడు కనీసం ఒక్కర్తే ఉందని ఆయనకి తెలుసు. ఇప్పుడు అదీ పోయింది.

"మీరు పుట్టించారు, మీరే పంపించెయ్యండి గుమాస్తాగారూ" అని నన్ను పట్టుకుంది నర్సమ్మ.

"వచ్చే వారం పెళ్ళి చేసి పంపించేస్తానమ్మా" అన్నాను. వచ్చే వారం రాగానే ఇంకో వారం అన్నాను. నిజం చెప్పొద్దూ, నాకు పంపించబుద్ధి కాలేదు. ఆ పిల్లకి కొత్తగా పాట నేర్పిస్తున్నాను అప్పుడు.

ఆ నెలలో ఏకాదశి రెండు రోజులు పడింది.

మొదటిరోజు కోనసీమ మామ్మగారిది తప్ప తక్కిన మామ్మల చీమ పెట్టెలన్నీ బోర్లా. మర్నాడు పొద్దున్న అవన్నీ తిరగేసి, ఆవిడ ఒక్కరిదీ బోర్లా పెట్టాలి. నర్సమ్మ పళ్ళెం పట్టుకుని కోనసీమ మామ్మగారి దగ్గరికి వచ్చేసరికి, నూతి దగ్గర ఒక తాతగారు జారిపడ్డారు. తల పగిలింది. అరుపులు. నేను పరిగెత్తాను. నర్సమ్మ ఎడంచేత్తో పళ్ళెం పట్టుకుని, మొహం నూతివైపు తిప్పి, కుడిచేత్తో మామ్మగారి చేతిలో మాత్ర వేసి, వచ్చేసింది. గాయానికి గుడ్డ కట్టి, తాతగారిని మంచం మీద చేర్చి, తక్కినవాళ్ళకి మాత్రలిచ్చి, పక్కలు మార్చేసరికి పన్నెండయింది.

మామ్మగారు గోడకి చేరబడి, తులసిపూసలు చేత్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉంది. ఉపవాసం రోజున జపం చేసుకుంటోందని ఎవరూ కదపలేదు. ఇద్దరు మామ్మలు కాళ్ళకి దణ్ణం పెట్టుకుని వెళ్ళారు కూడా. ఒళ్ళంతా చెమటలు పడుతుంటే, భక్తి పారవశ్యం అనుకున్నారు. నర్సమ్మ అటు వెళ్తూ చూసింది. పళ్ళెం కింద పడేసిన చప్పుడు నాకు నా గదిలోకి వినపడింది. పంచదార నీళ్ళు పెదాల మధ్య పోసింది, అవి పక్కనుంచి కారిపోయాయి. డాక్టరుగారు వచ్చేసరికి సాయంత్రం. మర్నాడు ద్వాదశి ఘడియల్లో మామ్మగారు పోయారు. ఏకాదశి ఉపవాసం చేసి ద్వాదశి నాడు పోవడం ఎంత పుణ్యమో అని శరణాలయమంతా చెప్పుకున్నారు.

నర్సమ్మ నా గదిలోకి వచ్చి నేల మీద కూర్చుంది.

"అడిగిందండి. 'ఈవేళ కూడానా అమ్మా' అని అడిగింది. నేను 'ఆయ్' అన్నానండి. ఏం అడిగిందో వినిపించుకోలేదు. నేనిచ్చానంటే తెలిసే ఇచ్చుంటానని మింగేసిందండి."

ఆదివారం ప్రెసిడెంటుగారు డాక్టరుగారిని వెంటబెట్టుకొచ్చారు. వరండాలో అందరినీ కూర్చోబెట్టారు. నన్ను రాసుకోమన్నారు. డాక్టరుగారు దాచకుండా చెప్పారు, తిండి లేని ఒంట్లో షుగరు మాత్ర పడిందని.

"ఆ పూట మాత్ర ఎవరిచ్చారు?" అన్నారు ప్రెసిడెంటుగారు.

"నేనేనండి" అంది నర్సమ్మ.

"కాదండి" అన్నారు ఇనస్పెక్టరుగారు, కర్ర నేలకి కొట్టి. "చిన్న నర్సు ఇచ్చింది. నా కళ్ళతో చూశాను."

"ఆ పిల్లేనండి" అంది పనసతొన దాచిన మామ్మ. "పెద్దావిడ నూతి దగ్గరుంది కదండి."

ఇంకొకరు, ఆ పైన ఇంకొకరు. తల పగిలి కట్టుతో ఉన్న తాతగారు కూడా చెయ్యెత్తారు. నర్సమ్మ ఒక్కొక్కరి మొహమే చూస్తోంది. "లేదండి అయ్యగారూ, నేనేనండి, ఆ పిల్ల..." అంటోంది. ప్రెసిడెంటుగారు ఆవిడ భుజం తట్టారు. "నీ మనసు నాకు తెలుసమ్మా. కిందవాళ్ళ తప్పు మీదేసుకుంటున్నావు." నాకేసి తిరిగి, "చిన్న నర్సుని ఇవాళ్టినుంచి రావద్దన్నామని రాయి" అన్నారు.

నేను కలం పట్టుకుని ఉన్నాను. అప్పుడు లేచి చెప్పచ్చు. రాశాను.

అందరూ వెళ్ళాక ఇనస్పెక్టరుగారు నన్ను దగ్గరికి పిలిచారు. "లేని పిల్లని చూశానన్నానని అనుకుంటున్నావు కదూ? నాకు కళ్ళు పోయాయిగానీ బుర్ర పోలేదయ్యా. వరండాలో ఒక్క జత చెప్పులే నడుస్తాయని మొదట్నుంచీ తెలుసు. పెద్దావిణ్ణి తీసేస్తే మా గతేంటి? అబద్ధాలు నువ్వొక్కడివే ఆడగలవనుకున్నావా?"

మర్నాడు నర్సమ్మ నా గది గుమ్మంలో నిలబడింది. "నేను చంపానని చెప్తుంటే ఒక్కరూ వినరేంటండి. పోనీ, వినకపోతే పోయారు. మళ్ళీ ఎవరో పడతారు, మళ్ళీ నేను మొహం అటు తిప్పి మాత్ర ఇస్తాను. మీరెళ్ళి చెప్పండి. నన్ను తీసేసినా సరే, ఇద్దర్ని పెట్టమనండి. ఈ ఒక్కసారికి నిజం చెప్పండి."

వెళ్ళాను. బియ్యం కొట్లో ప్రెసిడెంటుగారి చుట్టూ నలుగురు కూర్చుని ఉన్నారు.

"చిన్న నర్సు లేదండి" అన్నాను.

"తెలుసయ్యా. మనమే కదా తీసేశాం."

"అది కాదండి. అసలు లేదండి."

"అసలు రావట్లేదన్నమాట. మంచిది, చెప్పిన మాట విన్నది."

"ఆ మనిషి పుట్టలేదండి. నిడదవోలు లేదు, మేనత్త లేదు. అంతా నేను కల్పించానండి. అక్కడ నర్సమ్మ ఒక్కర్తే ఉందండి, మొదట్నుంచీ."

ఆయన కాసేపు నన్ను చూసి, కొట్లో వాళ్ళ వైపు తిరిగారు. "ఇతనేనండి, మా నర్సమ్మ కొప్పుకి జ్వరం వచ్చిందని చెప్పింది." నలుగురూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "ముప్ఫైమంది పెద్దవాళ్ళు చూశామన్నారు. నువ్వొక్కడివీ లేదంటున్నావు. పోయినావిడ విషయంలో కూడా కథలేనా బాబూ?"

"పోనీ నన్ను నమ్మకండి. ఇంకో మనిషిని పెట్టండి."

"ఆ పిల్ల నిర్వాకం చూశాక కూడానా? కొత్తవాళ్ళని ఇంక మాత్రలివ్వనిచ్చేది లేదు. పెద్దావిడ ఒక్కర్తే చూసుకుంటుంది. అదే భద్రం." ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. కోనసీమ మామ్మగారి కాళ్ళు కూడా ఆయన ఒత్తేవారు.

తిరిగొచ్చేసరికి నర్సమ్మ దుప్పట్లు ఎండేస్తోంది. నా మొహం చూసింది. తడిదుప్పటి రెండో కొస పట్టుకోమని నాకు అందించింది. మూడేళ్ళలో ఆవిడ నాకు చేతులు తడిసే పని చెప్పడం అదొక్కసారే. ఇద్దరం పిండాం. అందులోంచి అన్ని నీళ్ళొస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ తర్వాత నేను ఆరు నెలలున్నాను. ఆవిడ పద్ధతి మార్చుకుంది. ఇప్పుడు చీమ పెట్టె తెరిచే ముందు, "ఈ పూట తింటున్నారా?" అని అడుగుతుంది. తింటున్నామంటే నమ్మదు. వాళ్ళ ముందుకి కంచం వచ్చి, మొదటి ముద్ద గొంతు దిగేదాకా పక్కనే నిలబడుతుంది. అప్పుడు మాత్ర. అప్పుడు పక్క మంచం. తప్పు జరగడానికి వీల్లేదు. మొదటి గదిలో ఏడింటికి మొదలుపెడితే, చివరి గది దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటేది. ఈలోగా ఎవరైనా పడితే మూడు. ఒక గురువారం డాక్టరుగారు గడియారం చూసుకుని ఏదో అనబోయి, ఆవిడ కాళ్ళ వాపు చూసి ఊరుకున్నారు.

చివరి గదిలో పక్షవాతం వచ్చిన ఒకాయన ఉండేవారు. పొంగుతున్న గిన్నె బొమ్మ ఆయనది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. నేను ఉద్యోగం దొరికి వెళ్ళిపోతూ, చెప్పి వెళ్దామని ఆ గదిలోకి వెళ్ళాను. ఎండ పడమటి కిటికీలోకి దిగింది. ఆవిడ గోడ పట్టుకుని లోపలికొచ్చింది. అగ్గిపెట్టె తెరిచి ఆయన నాలిక మీద మాత్ర పెట్టబోయింది.

"ఇది పొద్దుటిదా అమ్మా, మధ్యాహ్నానిదా?" అన్నారాయన.

ఆవిడ చెయ్యి అక్కడే ఆగింది. కిటికీ వంక చూసింది, చేతిలో మాత్ర వంక చూసింది.

"పొద్దుటిదేనండి" అంది, గ్లాసు నోటికి అందిస్తూ.